బూటు తోలు - కోటు తోలు

ప్రతి ఏడూ మన సావనీరులో సుల్తానుల గురించీ, కోటల గురించీ, సూఫీ మహనీయుల గురించీ వ్యాసాలు వస్తూనే వున్నవి. చదివి సంతోషిస్తూనే వున్నాము. కాని మన వాళ్లలో వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన తోలు పని గురించి రాసినవారు తక్కువ. దానికి కారణం అందరికీ తెలిసిందే. తోలు డబ్బుతో కట్టిన కాలేజీలో చదువుకోవడానికి ఎవరికీ అభ్యంతరం వుండదు గాని, తోలు మాట ఎత్తితే మాత్రం ముక్కు మూసుకుంటాము. అందుకని ఈసారి ఆ సంగతే ఎత్తుకుంటున్నాను. మొత్తం చరిత్ర రాయాలంటే సావనీరు చాలదు గనుక ఒక్క ప్రశ్న పట్టుకొని నడుస్తాను. బూట్లు కుట్టేవాడు బరువైన తోలు జాకెట్టు కుట్టబోతే ఏమవుతుంది?

రెండూ తోలే గదా, సూదీ దారమూ అవే గదా అని మనం అనుకుంటాము. పని తెలిసినవాడు అట్లా అనుకోడు. బూటుకు ఒక కొయ్య పాదం వుంటుంది. దానిని ఉర్దూలో కల్బూత్ అంటారు, కార్ఖానాలలో లాస్టు అంటారు. తోలును ఆ కల్బూత్ మీద లాగి, బిగించి, మేకులు కొట్టి, ఆ ఆకారానికి తెస్తారు. అంటే బూటు తోలు ఒకసారి సాగి, సాగిన చోటే నిలిచిపోవాలి. జాకెట్టుకు కల్బూత్ లేదు. అది భుజాల మీద నుండి వేలాడాలి, మోచేయి వంచితే వంగాలి, చాపితే మళ్లీ సర్దుకోవాలి. కాబట్టి జాకెట్టు తోలుకు శుద్ధి చేసేటప్పుడే నూనె ఎక్కువ పట్టిస్తారు. మందంలోనూ తేడా వున్నది. గట్టి బూటు పైతోలు 2 మిల్లీమీటర్లు, ఆపైన కూడా వుంటుంది. షోకుకు తొడిగే మెత్తటి గొర్రెతోలు కోటు 0.6, 0.8 మిల్లీమీటర్లకు మించదు. మోటారు సైకిలు నడిపేవాళ్ల బరువు జాకెట్టు ఈ రెండింటికీ నడుమ, సుమారు 1.1 నుండి 1.4 దాకా వుంటుంది.

కుట్టులో ఇంకొక చిక్కు. గుడ్డలో సూది గుచ్చితే రంధ్రం మూసుకుంటుంది. తోలులో మూసుకోదు. బూటు మీద దగ్గర దగ్గరగా వేసే కుట్టును అట్లాగే జాకెట్టు భుజానికి వేస్తే, తపాలా బిళ్లల షీటు లాగా కుట్టు వెంబడే చిరుగుతుంది. విప్పి మళ్లీ కుట్టే వీలూ లేదు, పాత రంధ్రాలు కనపడుతూనే వుంటవి. అసలైన చిక్కు మాత్రం ముక్కల కొలతలో వుంది. ఒక జత బూట్ల పైభాగానికి రెండు మూడు చదరపు అడుగుల తోలు చాలు, అదీ చిన్న చిన్న ముక్కలుగా. తోలు మీద మచ్చ వుంటే దాన్ని తప్పించి కోసుకోవచ్చును. జాకెట్టుకు ముప్ఫై అయిదు చదరపు అడుగుల దాకా కావాలి. వీపు ముక్క ఒక్కటే ఇంత పెద్దది! దాని నడుమ గాటు గాని, గజ్జి మచ్చ గాని వుంటే దాచేందుకు చోటు లేదు. ఈ వీపు ముక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి. దాని పని ఇంకా వున్నది.

ఇంత తేడా వున్నా ఆ దారిన నడిచి గెలిచినవారు వున్నారు. ఇటలీలో వెనిస్ నగరానికి ఉత్తరాన అసోలో అనే చిన్న వూరు. దాని చుట్టుపక్కల, ముఖ్యంగా మాంటెబెల్లూనా ప్రాంతంలో, కొండలెక్కే బూట్లు కుట్టడం తరతరాల పని. 1963లో సాంటె మజ్జరోలో అనే ఆయన అక్కడ బూట్ల వ్యాపారం మొదలుపెట్టినాడు. ఆల్ప్స్ కొండల మీద పూసే తెల్లటి పువ్వును ఇటలీ భాషలో స్టెల్లా ఆల్పీనా, అంటే ఆల్ప్స్ నక్షత్రం, అంటారు. దానినే ఇంగ్లీషులోకి మార్చి ఆల్పైన్‌స్టార్స్ అని పేరు పెట్టుకున్నాడు. అప్పుడే ఐరోపాలో మోటోక్రాస్ అనే పందెం, అంటే బురదలో, గుట్టల మీద మోటారు సైకిళ్లు దూకించే ఆట, జోరందుకుంటున్నది. కొండ బూటు కుట్టడం తెలిసిన మనిషికి ఆ ఆటగాళ్ల కాళ్లు ఎక్కడ విరుగుతున్నవో కనపడింది. ముంగాలికి గట్టి పలక, పక్కన బకిల్సు పెట్టి పొడుగు బూటు తయారుచేసినాడు. 500 సీసీ మోటోక్రాస్‌లో అయిదుసార్లు ప్రపంచ విజేత అయిన బెల్జియం దేశస్థుడు రోజర్ డి కోస్టర్ ఆ బూట్లు తొడిగినాడు. ఇక వేరే ప్రచారం ఎందుకు?

ఆ కంపెనీ బూటు దగ్గరే ఆగలేదు. చేతి తొడుగులు, ఆ తరువాత జాకెట్లు, నిలువెల్లా తొడిగే తోలు సూట్లు వచ్చినవి. నాకు తోచినంతవరకు ఇందులో వున్న రహస్యం ఒక్కటే. ఆయన వాళ్లు జాకెట్టును దర్జీ కళ్లతో చూడలేదు, బూటు కుట్టేవాడి కళ్లతోనే చూసినారు. చీలమండ ఎట్లా వంగుతుందో మోచేయీ అట్లాగే వంగుతుంది. ముంగాలికి దెబ్బ తగిలినట్లే భుజానికీ తగులుతుంది. ఇప్పుడు పందెపు సూట్లలో గాలి సంచీ వుంటున్నది. మనిషి బండి మీద నుండి పడుతున్నాడని తెలియగానే అది తనంతట తానే ఉబ్బుతుంది. 2018 నుండి మోటోజీపీ పందేలలో అది తప్పనిసరి చేసినారు. మన పిల్లలు నెత్తిన హెల్మెట్టు కూడా లేకుండా ముగ్గురేసి బండెక్కి పోవడం రోజూ చూస్తున్నాము గనుక ఈ మాట రాయవలసి వచ్చింది.

బరువు జాకెట్టు పుట్టుక కూడా షోకు కోసం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు సిపాయిలకు కందకాలలో చలి ఆపడానికి చేతులు లేని తోలు కోటు ఇచ్చినారు. లోపల ఉన్ని గుడ్డ, పైన మోటు తోలు. విమానాలు వచ్చినాక, ఆకాశంలో చలికి తోలు మించినది లేకపోయింది. 1928లో న్యూయార్కులో ఇర్వింగ్ షాట్ అనే ఆయన మోటారు సైకిళ్ల వాళ్ల కోసం జిప్పు పెట్టిన జాకెట్టు తెచ్చినాడు. 1931లో అమెరికా సైన్యం తన విమాన దళానికి ఏ-2 అనే జాకెట్టును ఖాయం చేసింది. దానికి ఎక్కువగా గుర్రపు తోలు వాడినారు. అప్పటికి మోటార్లు వచ్చి గుర్రాలకు పని పోయింది, వాటి తోలు జాకెట్లకు పోయింది. చరిత్రలో ఇట్లాంటి తమాషాలు వుంటవి.

మన దేశానికి వస్తాము. ఇక్కడ తోలు కార్ఖానా చరిత్ర బూటుతోనూ, జీనుతోనూ మొదలయింది. 1857 తిరుగుబాటు అణగినాక ఇంగ్లీషు సైన్యానికి జీన్లు, పటకాలు కావలసి వచ్చినవి. జాన్ స్టీవార్ట్ అనే ఫిరంగిదళపు అధికారి 1859లో కాన్పూరులో ఆ పని మొదలుపెట్టినాడు. అదే గవర్నమెంటు హార్నెస్ అండ్ సాడిలరీ ఫ్యాక్టరీ అయింది. ఆ తరువాత 1880 ప్రాంతంలో కూపర్, అలెన్ అనే ఇద్దరు దొరలు కూపర్ అలెన్ కంపెనీ పెట్టి సైన్యానికి బూట్లు కుట్టించినారు. ఈ అలెన్ 'పయొనీర్' పత్రిక యజమాని కూడా. 1920లో ఆ కంపెనీ బ్రిటిష్ ఇండియా కార్పొరేషన్‌లో కలిసింది. స్వాతంత్ర్యం తరువాత టాఫ్కో పేరుతో ప్రభుత్వం చేతికి వచ్చి, చివరకు మూతపడింది. స్టీవార్ట్ ఫ్యాక్టరీ మాత్రం పేర్లు మార్చుకుంటూ బతికే వుంది. కాన్పూరు ముస్లిములు తోళ్ల కొనుగోలులో, శుద్ధిలో ముందు నిలిచినారు. తోళ్ల వ్యాపారి హాఫిజ్ మహమ్మద్ హలీమ్ పేరు మీద అక్కడ హలీమ్ ముస్లిం కాలేజీ వున్నది.

దక్షిణాన కథ వేరు. ఇక్కడ బూటు లేదు, జీను లేదు. సగం శుద్ధి చేసిన తోలే సరుకు. వాణియంబాడి, ఆంబూరు, పేర్ణాంబట్టు, మేల్విషారం, రాణిపేట, దిండిగల్లు ఊళ్లలో మన వాళ్ల టానరీలు వెలిసినవి. సున్నపు గుంటల్లో తోలు నానబెట్టి, వెంట్రుకా మాంసమూ గీకి, చెట్టు పట్ట కషాయంలో వారాల తరబడి వుంచి, కరక్కాయ పెట్టి, నూనె పట్టించి, ఎండబెట్టి, మద్రాసు రేవు నుండి లండనుకు పంపేవారు. ఈస్టిండియా టాన్‌డ్ అని దానికి లోకమంతటా పేరు. ఆ చెట్టు పట్ట ఏదో తెలుసునా? మన తంగేడు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు చెట్టుదే. ఆ పట్ట లేకపోతే ఈస్టిండియా తోలే లేదు. తరువాత దక్షిణాఫ్రికా నుండి వాటిల్ పట్ట వచ్చి తంగేడును పక్కకు నెట్టింది.

మొదటి యుద్ధంలో, 1916 నుండి, మద్రాసు తోళ్లను ఇంగ్లాండు యుద్ధ శాఖ తన సిపాయిల బూట్ల కోసం మొత్తంగా కొనడం మొదలుపెట్టింది. ఆ కాలంలో వ్యాపారులు బాగా గడించినారు. గడించినది దాచుకోలేదు, అది చెప్పుకోవలసిన మాట. వాణియంబాడిలో 1919లో ఇస్లామియా కాలేజీ వచ్చింది. మేల్విషారానికి చెందిన నవాబు సి. అబ్దుల్ హకీం సాహెబు మద్రాసు సెంట్రల్ స్టేషను ఎదుట ప్రయాణికులకు సిద్దీఖ్ సరాయి కట్టించినారు, ఆయన పేరుతో 1965లో మేల్విషారంలో కాలేజీ వెలిసింది. మద్రాసు రాయపేటలో 1951లో న్యూ కాలేజీ వచ్చింది. ఉర్దూ చదువు తమిళ దేశపు ఆ ఊళ్లలో నేటికీ నిలిచివున్నదంటే దాని వెనుక తోలు వ్యాపారుల చందాలున్నవి.

అయితే ఒక సంగతి నిర్మొహమాటంగా రాయాలి. తోలు మనది, బూటు వాళ్లది. జాకెట్టు వాళ్లది. సగం పని చేసి పంపి, మిగతా సగంలో వున్న లాభాన్ని లండనుకు వదిలేసినాము. చేతకాక కాదు. సగం పనిలోనే డబ్బు వస్తున్నప్పుడు మిగతా సగం తలనొప్పి ఎవరికి కావాలి! 1903 ప్రాంతంలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే దొర మద్రాసులో క్రోమ్ పద్ధతి ప్రయోగాలు చేసి చూపించినాడు. వారాల పని రోజులలోకి వచ్చే పద్ధతి అది. క్రోమ్ లెదర్ కంపెనీ వెలిసిన చోటికి క్రోంపేట అని పేరు కూడా పడింది. అయినా ఎక్కువమంది పాత గుంటలను వదలలేదు.

ఈ గుంటల నుండి పైకి లాగిన వారిలో మొదట చెప్పవలసినది మన తెలుగువాడి పేరే. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు. మద్రాసు అడయారులో 1948లో పునాది పడిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు 1958 నుండి 1971 దాకా డైరెక్టరుగా వున్నారు. రైతుబిడ్డ తోలు శాస్త్రం చదవడమే ఆ రోజుల్లో వింత. పరిశోధన ఫలితం చెప్పులు కుట్టేవాడి గుడిసెకు చేరాలి అనేది ఆయన పట్టు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేల్చివేతలో ఆయన పోయినారు.

1972లో సీతారామయ్య కమిటీ ఒక చేదు మందు రాసింది. పచ్చి తోలు, సగం శుద్ధి తోలు పంపడం తగ్గించండి, పూర్తి తోలు చేయండి, బూట్లు చేయండి, కోట్లు చేయండి అన్నది. 1973 నుండి సగం శుద్ధి తోలు ఎగుమతికి కోటాలు పడినవి. వ్యాపారులలో చాలామందికి ఇది మింగుడు పడలేదు. వందేళ్ల వ్యాపారం మీద ప్రభుత్వం చెయ్యి వేసిందని బాధపడినారు. చిన్న టానరీలు కొన్ని నిజంగానే దెబ్బతిన్నవి కూడా. కాని యంత్రాలు వచ్చినవి, పూర్తి తోలు వచ్చింది, తరువాత పైతోళ్లు కుట్టడం, చివరకు జోడు మొత్తంగా తయారుచేయడం ఆంబూరు, రాణిపేటలకు వచ్చింది. వేలాదిమంది ఆడవాళ్లు కుట్టు మిషన్ల ముందు కూర్చున్నారు. 1825లో గొర్రెతోలు దుప్పట్లతో మొదలుపెట్టి, మిగిలిన ముక్కలతో స్లిప్పర్లు కుట్టి పెద్దదయిన ఇంగ్లాండు క్లార్క్స్ కంపెనీ, తన జోళ్లను ఆంబూరు ప్రాంతంలో కుట్టించుకునే రోజు వచ్చింది. ఆ తాతలు కొన్న తోలు ఈ ఊళ్లదే అయివుంటే ఆశ్చర్యం లేదు.

జాకెట్లు మాత్రం మన దగ్గర బూట్లతో కలిసి నడవలేదు. చెన్నై, కలకత్తా, ఢిల్లీ చుట్టుపక్కల వేరే కార్ఖానాలు వెలిసినవి. వాటిలో తయారైనవి ఎక్కువగా మెత్తటి గొర్రె, మేక తోలు కోట్లు. బరువు జాకెట్టుకు పశువుల పెద్ద తోలు కావాలి. మన ఎద్దు మెడ మీద కాడి మచ్చ, పిరుదుల మీద ముల్లుకర్ర పోట్లు, వాతలు, కంచెల గీతలు. బూటు ముక్కకు వాటిని తప్పించవచ్చు. ముందు చెప్పిన వీపు ముక్కకు ఎక్కడ తప్పిస్తారు? మన గొర్రెకు ఉన్ని తక్కువ, వెంట్రుక ఎక్కువ. నెల్లూరు గొర్రె అట్లాంటిదే. వెంట్రుక గొర్రె తోలు సన్నగా, గట్టిగా వుండి కోట్లకు, చేతి తొడుగులకు బాగా పనికివస్తుంది. అందుకని దేశం ఆ దారి పట్టింది.

ఇంతవరకు వ్యాపారుల గొప్ప చెప్పినాను. గుంటలో దిగినవాడి మాట చెప్పకపోతే చరిత్ర సగమే. పచ్చి తోలును మొదట చేతిలోకి తీసుకున్నవారు మాదిగ సోదరులు. కపిల బావికి తోలు తొండం, చేనుకు పోయే రైతుకు కిర్రు చెప్పులు, డప్పు, పటకా అన్నీ వాళ్ల చేతి పనే. తమిళనాడులో అరుంధతీయులని పిలవబడే వారిలో చాలామంది ఇంట్లో ఈనాటికీ తెలుగే మాట్లాడుతారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1973లో లిడ్‌క్యాప్ పెట్టినది చర్మకారుల కోసమే. మన సావనీర్లలో కాలేజీలు కట్టించిన దాతల ఫొటోలు వేస్తాము, మంచిదే. ఆ దాత టానరీలో సున్నపు నీళ్లలో నిలబడి కాళ్లు తినిపోయిన మనిషికి ఫొటో లేదు. వారిలో దళితులున్నారు, మన పేద ముస్లిములూ వున్నారు.

పాలారు సంగతి కూడా అంతే. టానరీల నీళ్లు వందల బావులను చెడగొట్టినవి. వేలూరు పౌర సంక్షేమ సంఘం వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు, చెడగొట్టినవాడే నష్టం భరించాలని తీర్పు ఇచ్చి, ఒక్కొక్క టానరీకి పదివేల రూపాయల జరిమానా వేసింది. ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చినవి. వచ్చినా 2015 జనవరి 31న రాణిపేటలో అట్లాంటి కేంద్రం తాలూకు బురద గోడ కూలి, రాత్రి నిద్రపోతున్న పదిమంది పనివాళ్లు చనిపోయినారు. ఎక్కువమంది పశ్చిమ బెంగాలు నుండి పొట్టకూటికి వచ్చినవారు.

ఇక మన ఊరి మాట. బక్రీద్‌కు వచ్చే చర్మె ఖుర్బానీ మీద ఎన్ని మదరసాలు, ఎన్ని వెల్ఫేర్ సొసైటీలు ఏడాది గడిపేవో పెద్దలకు తెలుసు. ఆ ధర పదేళ్లకు పైగా పడుతూనే వచ్చింది. నకిలీ తోలు పెరిగింది, ఎగుమతి తగ్గింది, 2020లో కరోనా వచ్చింది. కొన్ని ఊళ్లలో తోళ్లు కొనేవాడు లేక గొయ్యి తీసి పూడ్చవలసి వచ్చింది. లోక ధర మన చేతిలో లేదు. కాని తోలు రకం మన చేతిలో వున్నది. టానరీవాడు మొదట చూసేది జాకెట్టు ముక్క పడుతుందా లేదా అనే. ఒలిచే హడావిడిలో కత్తి తగిలి పడిన గాటును ఏ మందూ పూడ్చలేదు. కాళ్ల దగ్గర, పొట్ట దగ్గర కత్తి వాడి, మిగతాది పిడికిలితో నెట్టి ఒలవాలి. ఒలిచిన మూడు నాలుగు గంటల్లోపు నెత్తురు కడిగి, నీడలో పరిచి, మాంసం వైపు తోలు బరువులో సుమారు 40 శాతం ఉప్పు మూలమూలలా రుద్దాలి. రెండు కిలోల మేకతోలుకు ముప్పాతిక కిలో పైన ఉప్పన్నమాట. మనం చేసేదేమో, తోళ్లన్నీ గోనెసంచులలో కుక్కి మస్జిదు వెనుక సాయంత్రం దాకా ఎండలో వుంచుతాము. వెంట్రుక ఊడి రావడం మొదలైన తోలు జాకెట్టుకే కాదు, పర్సుకు కూడా పోదు. ఈసారి తోళ్లు వసూలు చేసే కుర్రవాళ్ల ఆటోలో ఒక బస్తా దొడ్డు ఉప్పు ముందే ఎక్కించి పంపవలసిందిగా కమిటీవారిని కోరుతున్నాను.